ఇంట్లో ప్రార్థించుకునేవాళ్లకూ ఆరడుగుల నేల ఇవ్వండి: సంఘ కాపరులకు, పెద్దలకు బహిరంగ లేఖ

గోదావరి డెల్టాలోని సంఘ కాపరులకు, సంఘ పెద్దలకు, పాస్టర్ల ఫెలోషిప్‌ల బాధ్యులకు,

విషయం: సంఘ సభ్యత్వం లేని విశ్వాసుల భూస్థాపన, పెళ్లి, పరామర్శ గురించి

అయ్యగార్లకు, పెద్దలకు ప్రభువు నామంలో వందనాలు.

ఈ సంగతి ముందు మా ఊరి సంఘ పెద్దలతో నోటిమాటగా చెప్పాం. తర్వాత కాగితం మీద రాసి, పదిమంది సంతకాలు పెట్టి ఇచ్చాం. "కమిటీలో పెడతాం" అన్నారు. కమిటీ కూర్చుంది, సౌండ్ సిస్టమ్ మీదా క్రిస్మస్ లైటింగ్ మీదా తీర్మానాలు చేసింది, మా కాగితం మాత్రం ఫైల్లోంచి బయటికి రాలేదు. పై పెద్దలకు రిజిస్టర్డ్ పోస్టులో పంపితే, అందినట్టు సంతకం చేసిన కార్డు తిరిగొచ్చింది గానీ జవాబు రాలేదు. ఇక నలుగురి ముందూ రాయడం తప్ప దారి లేకపోయింది. ఏ సంఘం పేరూ, ఏ పాస్టర్ గారి పేరూ ఇందులో రాయను. ఇది ఒక్క ఊరి జబ్బు అయితే పేరు పెట్టే రాసేదాన్ని.

నేను ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. యేసు ప్రభువును నమ్ముతాను. బాప్తిస్మం చిన్నప్పుడే అయింది. ఇప్పుడు ఏ సంఘం రిజిస్టర్లోనూ నా పేరు లేదు. నాలాంటివాళ్లు ఈ చుట్టుపక్కల ఊళ్లలో చాలామందే ఉన్నారు. కారణాలు ఒక్కో ఇంట్లో ఒక్కో రకం. సంఘంలో రెండు పార్టీలై గుడి కోర్టుకెక్కడంతో విసిగినవాళ్లు కొందరు. భర్తో అత్తగారో ఒప్పుకోక, ఇంట్లోనే గుట్టుగా ప్రార్థించుకునే కోడళ్లు కొందరు. "దేవునికీ నాకూ మధ్య ఇంకొకరెందుకు" అని ఆలోచించి, చదివి, తేల్చుకున్నవాళ్లు ఇంకొందరు. నేను ఆఖరి రకం. మా అందరినీ కలిపి మీరు "వెనుదిరిగినవాళ్లు" అంటున్నారు.

మేమేం చేస్తామో ముందు చెప్పాలి, ఎందుకంటే దాని మీద వదంతులు ఎక్కువ. శనివారం సాయంత్రం, వంట అయ్యాక, మా ఇంటి హాల్లో చాప వేసుకుంటాం. నలుగురం, ఒక్కోసారి ఆరుగురం. మైకు ఉండదు. పురుషోత్తమ చౌదరి గారి కీర్తన ఒకటి పాడతాం, వంతులవారీగా వాక్యం చదువుతాం. మాలో ఒకామెకు అక్షరం ముక్క రాదు, బైబిల్లోని 23వ కీర్తన మాత్రం తడుముకోకుండా అప్పజెబుతుంది. ఆ వంతు ఆమెదే. లేచేటప్పుడు హార్లిక్స్ డబ్బాలో ఎవరికి తోచింది వాళ్లు వేస్తారు. ఆ డబ్బుతో ప్రస్తుతం పక్క వీధిలో డయాలిసిస్‌కు వెళ్లే ఒకాయన ఆటో ఖర్చు గడుస్తోంది. ఆయన క్రైస్తవుడు కాడు. మా మతబోధ, మా తిరుగుబాటు, మా కొత్త మిషన్ అన్నీ ఇంతే. యూట్యూబ్‌లో ప్రసంగం పెట్టుకుని పడక మీంచి లేవకుండా ఆరాధన అయిపోయిందనుకునేవాళ్ల తరఫున నేను మాట్లాడటం లేదు, వాళ్ల సంగతి వాళ్లు చూసుకోవాలి.

ఇక జరుగుతున్నది ఇది.

1. భూస్థాపన. మా పెద్దమ్మ ఎనభై దాటిన మనిషి. ఆమె సంఘంలో కమిటీ ఎన్నికల గొడవ ముదిరి గుడి గేటుకు తాళం పడింది. అప్పటినుంచి ఇంట్లోనే భూతద్దం పెట్టుకుని బైబిలు చదువుకుంటూ కాలం గడిపింది. తాళం తీశాక ఆమెను రమ్మని పిలిచినవాళ్లు లేరు, చందా అడగడానికి వచ్చినవాళ్లూ లేరు. ఆమె చనిపోయిన రోజున మాత్రం చందా రిజిస్టరు బయటికొచ్చింది. ఒక పెద్దాయన ఆమె పేరు మీద వేలు పెట్టి, ఖాళీ గడులన్నీ లెక్కబెట్టి, బాకీ మొత్తం చెప్పారు. దాని మీద "క్రమశిక్షణ రుసుము" అని ఇంకొంత. అదీ కట్టినా సరే, అయ్యగారు రారు, సమాధుల తోటలో వాళ్లాయన పక్కన చోటివ్వరు, గోడ వారగా ఎక్కడో ఇస్తామన్నారు. ఫ్రీజర్ బాక్సు అద్దె గంటగంటకూ పెరుగుతోంది. హైదరాబాద్ నుంచి వచ్చిన కొడుకు అందరినీ బతిమాలాడు. చివరికి కాలువ గట్టు పక్కనున్న పంచాయతీ స్థలానికి తీసుకెళ్లాం. వానాకాలం. డెల్టాలో మూడడుగులు తవ్వితే ఏమవుతుందో మీకు తెలుసు. గోతిలోకి నీళ్లూరాయి. ఇద్దరు కుర్రాళ్లు దిగి బకెట్లతో తోడి పోస్తూనే ఉన్నారు, పెట్టె దించేవరకూ. వాక్యం నేను చదివాను. బతికున్నన్నాళ్లూ ఆమె కోరిందల్లా భర్త పక్కన పడుకోవాలనే.

అయ్యగార్లూ, మీకు నేను వాక్యం చెప్పేంతదాన్ని కాను, కానీ ఒకటి అడుగుతాను. ప్రభువు దేహాన్ని సిలువ మీంచి దించి సమాధి చేసిందెవరు? పన్నెండుమందిలో ఒక్కడూ కాదు. అరిమతయియ యోసేపు. యోహాను సువార్త 19వ అధ్యాయం ఆయన్ని రహస్య శిష్యుడనే చెబుతోంది. జనానికి భయపడి పైకి చెప్పుకోనివాడు. అతనే పిలాతు దగ్గరికి వెళ్లాడు, తనకోసం తొలిపించుకున్న సమాధిని ఇచ్చాడు. అతనికి తోడు వచ్చిన నికోదేము కూడా మొదట్లో రాత్రిపూట చాటుగా వచ్చినవాడే. రిజిస్టర్లో పేర్లున్నవాళ్లు ఆ సాయంత్రం ఎక్కడున్నారో మనందరికీ తెలుసు. ఇంకొకటి. యూదా విసిరేసిన ముప్పై వెండి నాణేలతో ప్రధాన యాజకులు కుమ్మరివాని పొలం కొన్నది పరదేశులను పాతిపెట్టడానికి. ఆ యాజకులకు పరాయివాళ్ల కోసం పొలం కొనేంత బుద్ధయినా ఉంది.

2. పెళ్లి. మా వీధి అమ్మాయి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి కొన్నేళ్లు చేసి వచ్చింది. అక్కడ ఆదివారం సెలవు లేదు, గడప దాటనిచ్చేవాళ్లు కారు. రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో కింద కూర్చుని ఫోన్లో వాక్యం చదువుకునేదట. తిరిగొచ్చి సంబంధం కుదిరాక, మగపెళ్లివారి సంఘం "మీ సంఘ కాపరి లెటర్ తెండి" అంది. ఇక్కడి సంఘం "ఇన్నేళ్లు ఆరాధనలో లేదు, లెటర్ ఎలా ఇస్తాం" అంది. తర్వాత, గుడి ప్రహరీగోడకు ఫలానా మొత్తం కానుక ఇస్తే ఆలోచిస్తామన్నారు. నీకు విశ్వాసం ఉందా అని ఆ పిల్లను అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. పెళ్లి ముహూర్తం దగ్గరపడి, ఇంటిల్లిపాదీ టెన్షన్‌తో తిండి మానేశారు. చివరికి ఆమె కువైట్ సంపాదనలోంచి ప్రహరీగోడ లేచింది.

1872 నాటి క్రైస్తవ వివాహ చట్టంలో చందా రసీదు గురించి ఒక్క ముక్క లేదు. లైసెన్సు ఉన్న పాస్టర్ గారితో పాటు మ్యారేజ్ రిజిస్ట్రార్ కూడా పెళ్లి చేయించవచ్చని ఆ చట్టమే చెబుతోంది. 1954 ప్రత్యేక వివాహ చట్టం ప్రకారం ముప్పై రోజుల నోటీసు ఇచ్చి చేసుకునే దారీ ఉంది. ఈ సంగతి మా పేటల్లో ఎవరికీ తెలియదు. తెలిసినవాళ్లు చెప్పరు.

3. పరామర్శ. ఆసుపత్రిలో పనిచేసినదాన్ని కాబట్టి ఇది ఎక్కువ చూశాను. మంచాన పడ్డ ముసలివాళ్లు అయ్యగారు వచ్చి తల మీద చెయ్యి వేసి ఒక్క ప్రార్థన చేస్తే చాలనుకుంటారు. గుడికి వచ్చినా రాకపోయినా, చివరి రోజుల్లో ఆ కోరిక ఉంటుంది. అదే వార్డులో పక్క మంచం మీదున్న తమ సంఘస్థుడి దగ్గరికి వచ్చిన పాస్టర్ గారు, ఈ మంచం వైపు చూడకుండా వెళ్లిపోవడం నా కళ్లారా చూశాను. అలాగే వచ్చి, రెండు మంచాల మధ్యా నిలబడి, అటు ఉన్న సాయిబు గారి కోసం కూడా ప్రార్థించిన పెద్ద పాస్టర్ గారిని కూడా చూశాను. మీలో అలాంటివాళ్లున్నారు కాబట్టే ఈ ఉత్తరం రాసే ఓపిక మిగిలింది.

4. మైకులో పేర్లు. బాకీదార్ల జాబితా ఆరాధన చివర్లో చదవడం, "తప్పిపోయిన గొర్రెలు" అని ఇళ్ల పేర్లతో సహా చెప్పడం. లౌడ్‌స్పీకర్ ఊరంతా వినిపిస్తుంది. మర్నాడు బడిలో పిల్లల్ని తోటిపిల్లలు అదే పేరుతో పిలుస్తారు. తప్పిపోయిన గొర్రె ఉపమానంలో కాపరి వెతుక్కుంటూ వెళ్లాడు గానీ మందలో నిలబడి దాని పేరు కేకేయలేదు.

5. రిజిస్టరు, కులం. దీన్ని ముట్టుకోకుండా వదిలేస్తే నిజం చెప్పినట్టు కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా పోతుంది, మన రాష్ట్రంలో బీసీ-సి కిందికి వస్తాడు. పిల్లల చదువు, ఉద్యోగం, హాస్టల్ సీటు అన్నీ దానికి ముడిపడ్డాయి. మీ రిజిస్టర్లో పేరు రాయించుకోవడానికి ఒక తల్లి వెనకాడితే అది విశ్వాసం లేక కాదు. ఈ చట్టం న్యాయమా కాదా అనేది వేరే పెద్ద గొడవ, 2023లో మన అసెంబ్లీ దాని మీద తీర్మానం కూడా చేసింది. అది తేలేవరకూ ఆ తల్లిని పిరికిది అని ప్రసంగాల్లో దెప్పకండి. ఆమె ఏ లెక్కలు వేసుకుని రాత్రుళ్లు నిద్రపోతుందో మీకంటే ఆమెకే తెలుసు.

ఇప్పుడు మీ జవాబు. నోటిమాటగా చెప్పినప్పుడల్లా హెబ్రీ పత్రిక 10:25 చూపించారు: "సమాజముగా కూడుట మానక". ఒప్పుకుంటాను, ఆ మాట ఉంది, దానికి బరువుంది. ఒంటరి విశ్వాసానికి ప్రమాదాలున్నాయి. దిద్దేవాళ్లు ఉండరు, అహం పెరుగుతుంది, బద్ధకాన్ని భక్తి అని పిలుచుకునే వీలుంటుంది. కానీ కూడటం అంటే మీ కప్పు కింద, మీ రసీదు పుస్తకంతో కూడటమని ఆ వచనంలో లేదు. ఇద్దరు ముగ్గురు చాలని ప్రభువే అన్నారు. ప్రార్థన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని చేయమన్నారు. ఏ కొండ మీద ఆరాధించాలని సమరయ స్త్రీ అడిగితే, ఈ కొండా కాదు, యెరూషలేమూ కాదు, ఆత్మతోను సత్యముతోను అన్నారు. ఆ మాట ఆయన చెప్పింది యూదులు పొత్తు పెట్టుకోని ఒక సమరయ ఆడమనిషితో, నూతి దగ్గర, మిట్టమధ్యాహ్నం.

ఇదేదో ఫోన్లొచ్చాక పుట్టిన కొత్త పోకడ అని ఒక పెద్దాయన అన్నారు. మన నేల చరిత్ర తెలిస్తే అలా అనరు. 1836లో మన దేశానికి వచ్చి, తర్వాత నరసాపురంలో పని మొదలుపెట్టిన మిషనరీలు బౌడెన్, బీర్ దంపతులు బ్రదరెన్ వాళ్లు. అభిషేకం పొందిన పాదిరి అంటూ వాళ్లలో లేడు, రొట్టె విరవడానికి విశ్వాసులే చాలనుకున్నారు. ఈ డెల్టాలో సువార్త అలా మొదలైంది. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండెక్కి ప్రార్థించింది అయిదుగురు: బాప్టిస్టు మిషనరీ జ్యూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగువాళ్లు. ఆ రోజుకి ఆ ఊళ్లో వాళ్లకు సంఘం లేదు. తోళ్ల వ్యాపారం చేసుకునే యర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. అదే మిషనుకు చెందిన క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టకముందే తన వాళ్లకు ఊరూరా తిరిగి యేసు గురించి చెప్పాడు. ఎవరిచ్చారు ఆయనకు లెటర్?

దేవదాసు అయ్యగారు లూథరన్ సంఘం నుంచి బయటికొచ్చి 1938లో బైబిలు మిషను మొదలుపెట్టారు. అదే ఏడాది, నెల్లూరుకు చెందిన న్యాయవాది పాండిపెద్ది చెంచయ్య, ఆయన మిత్రులు మద్రాసులో ఒక ప్రశ్న లేవదీశారు: క్రీస్తు ఇచ్చింది కొత్త జీవితం, దాన్ని సంఘమనే వ్యవస్థలో బంధించాల్సిన పనేమిటి అని. మునిపల్లె కలగర సుబ్బారావు గారు క్రీస్తు దర్శనమైందని చెప్పి, చివరిదాకా బాప్తిస్మం తీసుకోకుండానే భక్తుడిగా బతికారు. ఆయన చెప్పినవన్నీ నాకు ఒప్పుదల కావు. బాప్తిస్మం అక్కర్లేదని నేననను. కానీ ఆయన దగ్గర స్వస్థత కోసం కూర్చున్న వందలమందిని క్రీస్తు తిప్పి పంపేవాడని అనడానికి నాకు నోరు రాదు. సువార్తికుడు భక్త సింగ్ గారు మిషన్లకు దూరంగా జరిగి హైదరాబాద్‌లో హెబ్రోను అనే ఆరాధన స్థలం పెట్టారు, 2000 సంవత్సరంలో అక్కడే కన్నుమూశారు. వీళ్లలో చాలామంది బయటికి నడిచినప్పుడు వాళ్లను కూడా వెనుదిరిగినవాళ్లనే అన్నారు. ఇవాళ వాళ్ల పేరు మీద పెద్ద పెద్ద కూటాలు జరుగుతున్నాయి. విచిత్రం ఏమిటంటే, అలా గోడ దాటి వచ్చినవాళ్ల వారసులే కొన్నిచోట్ల అందరికంటే ఎత్తు గోడలు కట్టారు. పేర్లు చెప్పనన్నాను కాబట్టి ఆగుతాను.

మీ కష్టం నాకు తెలియక కాదు. పల్లెటూళ్లో పాస్టర్ గారికి జీతం అంటూ ఉండదు. కానుకల సంచిలో వచ్చిందే బియ్యం, పిల్లల ఫీజు. ప్రభుత్వం నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ఇస్తోంది గానీ అందరికీ రాదు. సమాధుల తోటకు ప్రహరీ, కాపలా, గడ్డి తీయించడం ఖర్చే. దానికి డబ్బు అడగండి. తవ్వినవాళ్లకు కూలి అడగండి. ఊళ్లో అందరికీ ఒకే రేటు పెట్టి బోర్డు కట్టండి. మేం ఇస్తాం. శవాన్ని గేటు దగ్గర ఆపి బతికినన్నాళ్ల బాకీ వసూలు చేయడం మాత్రం ఆపండి. కేరళలో రెండు వర్గాల పోరులో శవాలు రోజుల తరబడి ఆగిపోతే, చివరికి ప్రభుత్వమే 2020లో చట్టం తెచ్చి, ఏ వర్గంవాడైనా తన కుటుంబీకుల తోటలో భూస్థాపన జరిగే హక్కు ఇవ్వాల్సి వచ్చింది. సంఘాలు చేయాల్సిన పని అసెంబ్లీ చేసింది. మన దగ్గర అంతదాకా రానివ్వకండి.

మా విన్నపాలు ఇవి. ఇవి మీ సర్వసభ్య సమావేశం ముందుకు రావాలి.

1. సమాధుల తోటలో తల్లిదండ్రులో, భర్తో, భార్యో, బిడ్డో ఉన్న ప్రతి విశ్వాసికీ అక్కడే చోటివ్వాలి. సభ్యత్వం, చందా బాకీ అడ్డు చెప్పకూడదు. తవ్వకం, నిర్వహణ ఖర్చు ఎంతో గేటు మీద రాసిపెట్టాలి. "క్రమశిక్షణ రుసుము" అనేది ఏ పేరుతోనూ ఉండకూడదు.

2. కుటుంబం కోరితే ఒక పాస్టర్ గారు వచ్చి వాక్యం చదివి ప్రార్థన చేయాలి. వాళ్ల మనస్సాక్షి ఒప్పుకోకపోతే రాననే చెప్పవచ్చు. కానీ వేరే సంఘం పాస్టర్ గారో, ఇంట్లోవాళ్లో చేసుకుంటామంటే తోట గేటు తాళం తీయాలి.

3. పెళ్లి లెటర్ ఇస్తారా ఇవ్వరా అన్నది పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా చెప్పాలి. ఇవ్వకపోతే కారణం రాయాలి. లెటర్‌కు కానుక ముడిపెట్టకూడదు. రిజిస్ట్రార్ దగ్గర పెళ్లి చేసుకునే దారి ఉందని ఆ కుటుంబానికి మీరే చెప్పాలి, అలా చేసుకున్నవాళ్లను ప్రసంగాల్లో వేలెత్తి చూపకూడదు.

4. బాకీదార్ల పేర్లు మైకులో చదవడం ఈ ఆదివారం నుంచే మానాలి. దీనికి సమావేశం కూడా అక్కర్లేదు.

5. ఊళ్లోనైనా ఆసుపత్రిలోనైనా జబ్బుపడ్డవాళ్ల పరామర్శకు సంఘం లిస్టు చూడకూడదు.

6. సమాధుల తోట పేరు మీద వసూలైన డబ్బు, ఖర్చయిన డబ్బు ఏడాదికోసారి నోటీసు బోర్డు మీద పెట్టాలి. మొదటి అయిదూ నీతి సంగతులు, ఇది లెక్కల సంగతి. దీని మీదే మీలో ఎక్కువ అభ్యంతరం వస్తుందని నా అనుమానం.

మమ్మల్ని సభ్యులుగా చేర్చుకోమని అడగడం లేదు. మా శనివారం ప్రార్థనను మీరు గుర్తించనక్కర్లేదు, మీ ప్రభువు బల్లలో, రొట్టె ద్రాక్షారసాల్లో, మాకు వాటా ఇవ్వమనీ అనడం లేదు. మీ ఆదివారం ఆరాధన తప్పనీ అనం. మా పెద్దమ్మ దేహాన్ని మళ్లీ తవ్వి మార్చమని కూడా అడగం, ఆమె కొడుకు వద్దన్నాడు.

పంచాయతీ పరిధిలో క్రైస్తవులందరికీ, ఏ సంఘానికీ చెందనివాళ్లతో సహా, మెరక మీద ఒక ఉమ్మడి సమాధుల స్థలం కేటాయించాలని తహసీల్దారు గారికి అర్జీ రాసి సంతకాలు పూర్తి చేశాం. మా పేటవాళ్లతో పాటు, మీ సంఘాల సభ్యులు కూడా కొందరు అందులో సంతకం చేశారు. మీ సర్వసభ్య సమావేశం అయిన మర్నాటి వరకూ దాన్ని నా దగ్గరే ఉంచుతాను. మొదటి విన్నపానికి మీ నుంచి రాతపూర్వకంగా అవునన్న మాట వస్తే ఆ అర్జీ అవసరం చాలావరకు తీరిపోతుంది. రాకపోతే సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇస్తాం, నకలు కలెక్టర్ గారికి పంపుతాం.

ప్రభువునందు మీ సహోదరి,
ఒక విశ్వాసి, విశ్రాంత స్టాఫ్ నర్సు,
పశ్చిమ గోదావరి జిల్లా